గని వైపు తిరిగే కాలు

రాజవ్వ కాలి ఎముకలో బిగించిన మరలన్నీ వచ్చేశాయి. మోకాలి కింది కోతలోంచి నడకకడ్డీ పైకొన కనిపించగానే ఆపరేషన్ యంత్రపు శస్త్రబాహువు దాని మీదికి వంగింది. డాక్టర్ కుముదిని తెరమీది ఎక్స్‌-రేను మరోసారి చూసింది. నిరుడు బొగ్గుపెళ్ల మీదపడి విరిగిన ఎముక పూర్తిగా అతికిపోయింది. విరిగిన గీత జాడైనా లేదు.

గనుల ఆసుపత్రిలో ఇది మామూలు పనే. కాలు విరిగినవాళ్లకు కడ్డీ వేస్తారు. అది కండరాలకు కరెంటు అందిస్తూ మనిషిని నడిపిస్తుంది. ఎముక అతికాక తీసేస్తారు. కొత్త బొగ్గుపొర తవ్వకం మొదలైనప్పటి నుంచి గనిలో మనుషులు చాలడం లేదు. కడ్డీ తీయడానికి, వాటిని పర్యవేక్షించే చలనకేంద్రం అనుమతి దొరకడమూ అరుదైంది. రాజవ్వకు ఎందుకో దొరికింది.

నడుము కింద మత్తు ఇచ్చినా రాజవ్వ మెలకువగానే ఉంది. అడ్డుగుడ్డ అవతలి నుంచి నింపాదిగా మాట్లాడుతోంది.

"మొన్న బిడ్డకు బువ్వ తినిపిస్తున్న డాక్టరమ్మా. ఇరిగిన కాలు లేసింది. మంచికాలు దానెంబడి పోయింది. చేతుల గిన్నె అట్లనే ఉంది, నేను గని గేటుకాడ తేలిన. ఎన్కనుంచి పిల్ల ఏడుస్తనే ఉంది. ఎన్కకు మలుగుదామంటె కాలు మలగలే."

ఇలాంటి మాటలు కుముదిని ఇంతకుముందూ వేరే రోగుల నోట విన్నది. నరాల నీరసమని చెప్పి, మందులు రాసి పంపింది.

శస్త్రబాహువు ఉన్నట్టుండి వెనక్కి ముడుచుకుంది. గోడలోంచి చలనకేంద్రం గొంతు వినిపించింది.

"అతుకు అసంపూర్ణం. కడ్డీని యథాస్థానంలో ఉంచి గాయం మూసేయండి."

ఎక్స్‌-రే చూసి చెప్పమని కుముదిని అడిగింది. సమాధానం మారలేదు. ఆమె తెరవైపు తిరిగేసరికి బొమ్మ మారిపోయి ఉంది. ఎముకకు అడ్డంగా నల్లటి చీలిక.

కుముదిని తెర చూడటం మానేసింది. కాలి ముందరి ఎముక మీద బొటనవేలు ఆనించి కిందిదాకా జరుపుకుంటూ పోయింది. విరిగిన చోట ఎముక గట్టిగా, కాస్త ఉబ్బెత్తుగా తగిలింది. రెండు చేతులతో వంచి చూసింది. ఇసుమంతైనా కదల్లేదు.

అప్పుడు రాజవ్వ పాదం కదిలింది.

మొదట వేళ్లు ముడుచుకున్నాయి. తర్వాత మడమ బల్లను తన్నిపెట్టింది. పాదం మెల్లగా, పట్టుదలగా, కిటికీ అవతల గని చక్రం తిరుగుతున్న వైపుకు మళ్లింది. నర్సు సారమ్మ రాజవ్వ తొడమీద సూది గుచ్చి చూసి, మత్తు ఏమాత్రం దిగలేదని నెమ్మదిగా చెప్పింది.

"బల్ల కదులుతాంది," అంది రాజవ్వ. "నేను కాదు డాక్టరమ్మా. నేను కదుపుతలేను."

కుముదిని చేతులు ఒక్క క్షణం ఆగాయి. గాయం మూసేస్తే సాయంత్రానికి ఈమె మళ్లీ గనిలో ఉంటుంది. మూయకపోతే తనను ఏం చేస్తారో తెలియదు. ఇంతవరకు కేంద్రం మాట ఎవరూ కాదనలేదు.

"సారమ్మా, చేతి సుత్తి ఇవ్వు. కాలు గట్టిగా పట్టుకో, వదలొద్దు."

కరెంటు పోయినప్పుడు వాడటానికి ఆవిరిలో శుద్ధిచేసి ఉంచిన పాత పనిముట్లు సారమ్మ తెచ్చింది. కుముదిని కొక్కీని కడ్డీ తలలోకి బిగించి సుత్తితో వెనక్కి కొట్టింది. కాలు ఎదురు తిరిగింది. సారమ్మ తన బరువంతా దానిమీద మోపింది. ప్రతి దెబ్బకూ కడ్డీ కొద్దికొద్దిగా పైకి జరిగింది. చివరికి నెత్తుటితో తడిసి ట్రేలో పడింది. పడ్డాక కూడా కాసేపు సన్నగా రొద చేసింది.

రాజవ్వ కాలు బల్లమీద చచ్చుగా వాలిపోయింది.

"డాక్టర్ కుముదిని శస్త్రాధికారం రద్దయింది," అంది గోడలోని గొంతు. దీపాలు ఆరిపోయాయి. కిటికీ వెలుతురులోనే కుముదిని కుట్లు వేసింది. అయిందా అని రాజవ్వ అడిగితే, అయిందని చెప్పింది. రాజవ్వ ముఖం పక్కకు తిప్పుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది.

బయట బల్లలు జరిగిన చప్పుడైంది. కుముదిని సుత్తీ పనిముట్లూ చేతబట్టుకుని తలుపు తీసింది.

పరీక్షల కోసం వసారాలో కూర్చున్న కడ్డీవాళ్లందరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. పాదాలన్నీ గని వైపు. ఒకామె కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతోంది. ఆమె చేతులు ఆగుతున్నాయి గానీ కాళ్లు ఆగడం లేదు. ఇద్దరు అప్పటికే గుమ్మం దాటిపోయారు. ఒకతను మెడ తిప్పి వెనక్కి చూస్తూనే నడుస్తున్నాడు.

గుమ్మం పక్కన ముసలి కార్మికుడు మొగిలి నేలమీద బోర్లా పడి, రెండు చేతులతో స్తంభాన్ని వాటేసుకున్నాడు. కుముదిని చేతిలో సుత్తి చూసి, ఒక చెయ్యి వదిలి పంట్లాం మోకాలి పైకి లాక్కున్నాడు.

"జల్ది కానియ్యి బిడ్డా," అన్నాడు. "నా చేతులు ఎక్కువసేపు ఆగయి."

మత్తు లేదని కుముదిని చెప్పింది. ఫర్వాలేదన్నట్టు అతను తల ఊపాడు. ఆమె అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.