పైకి చూపిన వేలు

ఆ ఆదివారం కూడా పరుపు తడిసే ఉంది.

సహన మామగారి కింద నుంచి దుప్పటి లాగి బక్కెట్లో వేస్తుంటే, అత్తగారు అంబుజ గడప బయట నిలబడి చూస్తోంది. స్నానం చేసి మడి చీర కట్టుకొన్నాక, పూజ ముగిసేదాకా ఆమె ఎవరినీ తాకదు. ఆ మడి సంగతి చింతామణి ఊళ్లో వాళ్ల వీధంతటికీ తెలుసు. పాలు తెచ్చేవాడు కూడా పాకెట్టు గట్టు మీద పెట్టి, వెనక్కి జరిగాకే పిలుస్తాడు.

"రాత్రి నీళ్లేమైనా తాగించినావా?" అని అడిగింది అంబుజ.

"లేదత్తా. మీరు చెప్పినట్టే సాయంత్రం నుంచి చుక్క ఇయ్యలేదు. అయినా ఇంత తడిసింది. వాసన మాత్రం లేదు."

"వాసన లేకుంటే ఏమి? ఇంత తడి యాడినుంచి వస్తాది మరి?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆయనకు మాట లేదు.

సహన మామగారు శ్యామసుందర, హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. ఆయన శ్లోకం ఎత్తుకొంటే పక్క క్లాసు పిల్లలు తమ పాఠం వదిలేసి వినేవాళ్లట. ఉగాదికి ముందు పక్షవాతం వచ్చి కుడి వైపంతా చచ్చుబడింది, నోరు పడిపోయింది. ఎండలకు వీపు పుండ్లు పడుతుందని కొడుకు అమరనాథ్ గదిలో ఏసీ పెట్టించి, మంచాన్ని దాని కిందికి, గోడకు ఆనించి జరిపాడు. మొదట్లో ఆయన అవసరమైతే ఎడమ చేత్తో మంచం పట్టె తట్టేవాడు. ఎవరో ఒకరు లేచి బెడ్‌పాన్ పట్టేవాళ్లు. పరుపు తడవడం మొదలయ్యాక డైపర్ కట్టారు. డైపర్ కట్టాక, తట్టినా ఎవరూ లేచేవాళ్లు కాదు. పిల్లలకు శుచీ శుభ్రతా నేర్పిన మనిషికి ఇంతకంటే నరకం ఇంకేముంటుంది?

తర్వాత నీళ్లు తగ్గించారు. తడి తగ్గలేదు గానీ, ఆయన పెదవులు ఎండి పగిలాయి.

రోజూ దుప్పటి మార్చేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి లేపి వేలు పైకి చూపేవాడు. చూపి, ఎదుటివాళ్ల ముఖంలోకి ఆశగా చూసేవాడు. ఆ రోజూ చూపాడు.

"చూస్తివా?" అంది అంబుజ. "దేవుడు తీసకపోతే బాగుండునని చెప్తాండారు. ఆయనకే విసుగొచ్చేసింది."

సహన కొంగుతో కళ్లు ఒత్తుకొని బక్కెట్టు ఎత్తుకొంది.

మధ్యాహ్నం చిక్కబళ్లాపురం నుంచి వ్యాను రావాలి. మంచాన పడ్డవాళ్లను చూసుకొనే ఆశ్రమం అక్కడొకటి ఉంది. అమరనాథ్ వెళ్లి మాట్లాడి వచ్చాడు. పంపాలన్నది మాత్రం అంబుజ మాట. ఆ మాట తన నోట రానందుకు అమరనాథ్ లోలోపల ఊరట పడ్డాడు కూడా. కాదంటే అబద్ధం.

భార్యాభర్తలిద్దరూ కలిసి ఆయనకు ఒళ్లు తుడిచి, కొత్త పంచె కట్టి, కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఎండ అప్పుడే మండుతోంది. ఏసీ తిరుగుతూనే ఉంది. సహన పరుపును తిరగేసి, పొడి దుప్పటి పరిచి, ఆయన పంచెలూ తువ్వాళ్లూ మడతపెట్టి గోడవైపు పేర్చింది. ఇక సంచిలో సర్దడమే మిగిలింది. దానికి మాత్రం చేతులు రాలేదు. వంటపని ముగించుకొని వచ్చినా, ఆ బట్టల వైపు చూడలేక గడప దగ్గరే నిలబడిపోయింది.

"అత్తా, నిజంగానే పంపిస్తారా?"

"నాకేమన్నా సంతోషమామ్మా?" అంది అంబుజ. "దేవుడింటికి ఆనుకొనే ఉండాది ఈ గది. రోజూ మైల గుడ్డలు దాటుకొని పోయి దీపం పెడతాండా. ఎన్నాళ్లని? ఆయన్ని లేపేదానికి నాకు శక్తి యాడుండాది?"

"లేపేది నేను. ఉతికేదీ నేనే. మీరు పూజ అయ్యేదాకా ఈ గడప దాటరు. తర్వాతైనా వచ్చి నీళ్లు తగ్గించు, తగ్గించు అంటారే గానీ, ఒక్క రోజైనా ఆయన పక్కన కూర్చొన్నారా?"

"సహనా!" హాల్లోంచి వచ్చి అరిచాడు అమరనాథ్. "అమ్మతో మాట్లాడే తీరా ఇది? నువ్వు డైపర్ సరిగ్గా కట్టింటే ఇంతదాకా వచ్చేదే కాదు."

"అయితే మీరు కట్టండి. మీ నాయనే కదా!"

కిటికీ దగ్గర శ్యామసుందర చెంప మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి. ఆయనకు మాట పోయింది గానీ చెవులు పోలేదని ఆ ముగ్గురికీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

సహన ముఖం తిప్పుకొని, సర్దే నెపంతో మంచం దగ్గరికి వెళ్లింది. పంచెల దొంతరలో చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకొంది.

"ఇవన్నీ తడిసినాయి."

"మళ్లీ పోసుకొన్నారా?" అంది అంబుజ, అలవాటుగా. అన్నాక ఆమె చూపు కిటికీ వైపు పోయింది. ఆయన కుర్చీలో ఉన్నాడు. పొద్దున్నుంచీ ఆ మంచం మీద మనిషే లేడు.

శ్యామసుందర చెయ్యి లేచింది. వేలు పైకి చూపింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి సహన ఆయన ముఖం కాకుండా వేలు ఎటు చూపుతోందో అటు చూసింది. ఏసీ కింది అంచు నుంచి సన్నటి నీటి ధార, నున్నటి ఆయిల్ పెయింటు గోడను అంటుకొని, చప్పుడు లేకుండా పరుపులోకి దిగుతోంది.

అమరనాథ్ ఏసీ ఆపి స్టూలెక్కాడు. మూత తెరిచి ఫిల్టర్లు లాగి చూశాడు.

"ఇవి బాగానే ఉండాయి. ఐసు కూడా కట్టలేదు" అన్నాడు. టార్చి వేసి లోపలికి తొంగిచూశాడు. "కింద తొట్టి నిండి పొర్లుతాండాది. నీళ్లు బయటికి పోయే పైపు యాడో మూసుకొన్నాది."

పెరట్లోకి వెళ్లారు. గోడలోంచి వచ్చిన పైపు మూతి సరిగ్గా మడిబట్టలు ఆరేసే దండెం పైన ఉంది. ఆ మూతిలో ఒక పాత చీరముక్క బిగించి కుక్కి ఉంది. ఊడిరాకుండా పురికొసతో కట్టి కూడా ఉంది. అమరనాథ్ కొస తెంపి గుడ్డ లాగాడు. పైపులో నిలిచిన నీళ్లు భళ్లున అతని ముఖాన పడ్డాయి.

ఆ చీర అంచును అతను గుర్తుపట్టాడు. తల్లి వైపు తిరిగాడు.

"నేనే కట్టినా" అంది అంబుజ. "ఆ నీళ్లు మడిచీరల మీద పడతాండె. ఎన్నిసార్లు తడిపి ఆరేసినా మైలే. పైపు పక్కకు తిప్పించప్పా అని నీకు చెప్తిని. చూస్తానమ్మా, చూస్తానమ్మా అంటివి. అందుకే గుడ్డ కుక్కినా. నీళ్లు ఆగిపోయినాయి అనుకొంటిని."

"ఆగలేదమ్మా" అన్నాడు అమరనాథ్. ముఖం మీద నీళ్లు తుడుచుకోలేదు. "నాయన మీదికి మళ్లినాయి. నేను ఆ పొద్దే తిప్పించింటే..."



అంబుజ దండెం గుంజకు ఒరిగి నిలబడింది. తన మడి కోసం, తాళి కట్టిన మనిషిని రోజూ రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టింది. ఆ నీళ్లకు ఆయన్నే దోషిని చేసి, తాగే నీళ్లు ఆపింది. ఆయన వేలెత్తి చూపిస్తుంటే, చావు కోరుకొంటున్నాడని ఊళ్లో నలుగురికీ చెప్పింది. ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

గబగబా ఇంట్లోకి నడిచింది. పూజకు నింపిపెట్టుకొన్న పంచపాత్ర, ఉద్ధరిణితో సహా ఎత్తుకొంది. మడి చీరతోనే గడప దాటి లోపలికి వెళ్లి, భర్త కుర్చీ పక్కన నేల మీద కూర్చొంది. ఉద్ధరిణితో నీళ్లు ఆయన పెదవుల దగ్గర పెట్టింది.

ఆయన నోరు తెరవలేదు.

కళ్లు మాత్రం ఆ నీళ్లనే చూస్తున్నాయి. తర్వాత తన నడుము వైపు చూసుకొన్నాడు. భార్య ముఖంలోకి చూశాడు. వద్దన్నట్టు తల ఊపాడు. దాహంతో నోరెండిన మనిషి తాగడానికి భయపడుతున్నాడని అర్థమయ్యేసరికి అంబుజ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"తాగండి" అంది వెక్కుతూ. "మీ తప్పేమీ లేదు. అంతా నేను చేసిందే. తాగండి. తడిసినా నేనే మారుస్తా, నేనే ఉతుకుతా. అమరా, ముందు ఆ డైపర్ విప్పెయ్యప్పా."

ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు. తర్వాత పగిలిన పెదవులు మెల్లగా విడివడ్డాయి. ఉద్ధరిణి తర్వాత ఉద్ధరిణి, పాత్ర ఖాళీ అయ్యేదాకా తాగాడు. చచ్చుబడిన పెదవి అంచునుంచి జారిన నీళ్లు ఆమె మడిచీరను తడిపాయి. ఆమె తుడుచుకోలేదు.

అమరనాథ్ డైపర్ విప్పి పంచె సర్ది, వరండాలోకి వెళ్లి వ్యాను రావద్దని ఫోన్ చేశాడు. సహన తడిసిన పంచెలను సంచిలో కాదు, ఎండలో వేసి వచ్చింది. ముగ్గురూ ఆ గదిలోనే నేల మీద కూర్చొన్నారు. ఎవరి ముఖం ఎవరూ చూడలేకపోయారు.

కాసేపటికి శ్యామసుందర ఎడమ చెయ్యి కదిలింది. కాస్త సందేహించి, కుర్చీ చేతిని రెండుసార్లు తట్టింది.

ముగ్గురూ ఒక్కసారే లేచారు. బెడ్‌పాన్ అందుకొన్నది మాత్రం అంబుజే.