ముప్పై సెకన్లు ఆగు, మరదలా

పొద్దున్న పదకొండింటికి సర్వర్ గదిలో స్టోరేజ్ ఇంజనీరు హతుడయ్యాడు. జీవితమంతా బ్యాకప్‌లు తీసిన మనిషిని బ్యాక్ నుంచే తీసేశారు. రెండు తూటాలు. ఒకటి ఒరిజినల్, రెండోది కాపీ.

అలారం మోగిన ఐదు నిమిషాలకి, ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ గేటు దగ్గరున్నాడు.

"వేడిగా ఉందా?" అన్నాడు గార్డు.

"నిన్నటికంటే నయం."

కోడ్ కుదిరింది. గేటు తెరుచుకుంది. చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది.

"విదేశీ ముఠాకి మన నలభై మంది గూఢచారుల ఫైళ్ళు కావాలి. బయటికెళ్తే సాయంత్రానికి నలభై శవాలు. మనవాళ్ళు రావడానికి పావుగంట పడుతుంది. ఈలోగా నువ్వే."

తలుపు తోశాడు. శవాన్ని కుర్చీతో సహా పక్కకి నెట్టి, కీబోర్డు ముందు నిలబడి ఉంది ఎర్ర గాగుల్స్ సుందరి. డిపార్ట్‌మెంటంతా కళ్ళప్పగించి చూసే ఏజెంట్. డబుల్ ఏజెంటని ఇప్పుడే తెలిసింది. పైగా అతని భార్యకి సొంత చెల్లెలు.

"రండి బావగారూ," అంటూ పిస్తోలు ఎత్తింది. "ఏసీ బాగుచేస్తారా, చేతులెత్తుతారా?"

చేతులెత్తాడు. కంప్యూటర్‌కి ఆమె గుచ్చిన జేబు డిస్కు వేలాడుతోంది. స్క్రీన్ మీద అక్షరాలు మెరిశాయి: కాపీ పూర్తయింది.

అక్కడే అతని బుర్ర పనిచేసింది. కంప్యూటర్ పూర్తయిందన్నంత మాత్రాన డిస్కులో పడినట్టు కాదు. ముందు ఫైళ్ళ పేర్లు మాత్రం రాసేసి, అసలు సమాచారాన్ని మెమరీలో ఉంచుకుని, తీరిగ్గా అరనిమిషానికి డిస్కులోకి దించుతుంది. ఇప్పుడే పీకితే నలభై మందీ బతుకుతారు. ఈమె బతకదు. ఖాళీ డిస్కు తెచ్చినవాళ్ళని ముఠా వదలదు.

ఒక్క క్షణం ఆలోచించాడు. మరదలికి అంతకంటే ఎక్కువ కేటాయించలేకపోయాడు.

"ఎజెక్ట్ కొట్టి ముప్పై సెకన్లు ఆగు, మరదలా. లేకపోతే అందులో ఏమీ ఉండదు."

పకపకా నవ్వింది. "ఆ ముప్పై సెకన్లలో మీవాళ్ళు మెట్లెక్కాలి, అంతేగా? అక్కకి చెప్పే కబుర్లు నాకు చెప్పకు బావా!"

డిస్కు ఊడబీకి సంచిలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ అతని మోకాట్లో ఒక తూటా దింపింది. చుట్టరికం కాబట్టి గుండె జోలికి పోలేదు. కూలబడుతూనే ఆమె సంచికి చొక్కా గుండీ అంత మైకు అంటించాడతను.

స్ట్రెచర్ మీద పడుకుని, దూరంగా ఎక్కడో కారులో జరిగే సంభాషణ విన్నాడు.

"నలభై ఫైళ్ళూ ఉన్నాయి. సైజు సున్నా. ఇదీ సున్నా. ఇదీ సున్నానే!"

"పూర్తయిందని వచ్చింది! నా కళ్ళతో చూశాను!"

"మాతో కూడా డబుల్ గేమా?"

"కాదు... బావ ఆగమన్నాడు, నేనే..."

ఒక్కటే చప్పుడు. తర్వాత కారు అద్దం దించిన శబ్దం, ఎవరిదో దగ్గు.

చీఫ్ కూడా విన్నాడు. 

"వెంటనే పీకేసేలా ఎలా నమ్మించావోయ్?"

"నమ్మించలేదు సార్. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నిజం చెప్పాను."

"మరి మీ ఆవిడకేం చెప్తావ్?"

"అబద్ధమే సార్. తనైతే నమ్ముతుంది."