వెనక సీటు బరువు

"డీలర్ అంతా సెట్ చేసే ఇచ్చాడు డెబీ. నువ్వు మళ్ళీ విప్పడం ఎందుకు?" అని జోనాథన్ ఇంకోసారి అడిగాడు.

"డీలర్ మిమ్మల్ని కూర్చోబెట్టి సెట్ చేశాడా?"

"నన్నెందుకు కూర్చోబెడతాడు?"

"అదే చెప్తున్నా. మీరు కూర్చుంటే బండి ఎంత దిగుతుందో చూడకుండా స్ప్రింగులు ఎలా సెట్ చేస్తాడండీ?"

రెడ్‌మండ్‌లోని ఆ ఇంటి గరాజ్‌లో, మంచు మీద నడిపే కొత్త స్నోమొబైల్‌కి చోటివ్వడం కోసం రెండు కార్లూ బయట వానలో తడుస్తున్నాయి. దెబోరా బండి వెనక బంపర్ పట్టుకుని పైకెత్తి వదిలింది. నేల నుంచి ఎంత ఎత్తుందో టేప్‌తో కొలిచింది. ఇక మనిషి ఎక్కి కూర్చుంటే మళ్ళీ కొలవాలి. ఆ తేడాని బట్టి స్ప్రింగ్ ఎంత బిగించాలో తేలుతుంది. జాకెట్, బూట్లు, హెల్మెట్, వీపున బ్యాగ్, అన్నీ వేసుకుని కూర్చోండి అంటే, జోనాథన్ పైజమాలో కూర్చుంటానంటాడు. అసలు గొడవ స్ప్రింగులది కాదు, బరువుది. క్రిస్మస్ తర్వాత ఆయన వెయింగ్ మెషీన్ ఎక్కలేదు.

"డాడ్, జస్ట్ నంబర్ చెప్పేయ్. ఎవరూ జడ్జ్ చెయ్యరు," అంది కూతురు ప్రిస్సిల్లా. నేల మీదున్న టేప్ తీయబోతే దెబోరా చటుక్కున లాక్కుంది.

"అది ముట్టుకోకు. ఆఫీస్‌ది."

మూల మడత కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు జ్ఞానప్రసూన తలెత్తింది. "వెనక ఇంకో సీటుంది కదరా. దాని మీద నేను కూర్చుంటే ఎంత దిగుద్దో అదీ చూడమను."

"అమ్మా, ఇది స్కూటర్ కాదు. మంచులో నీకెందుకు?"

"ఒక్కరికా, ఇద్దరికా? ముందది తేల్చండి," అంది దెబోరా. "ఒక్కరికి సెట్ చేసిన బండి మీద ఇద్దరెక్కితే వెనక కూలబడిపోయి ముందు స్కీలు తేలిపోతాయి. హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిరగదు."

"కంప్లయన్స్ ఆఫీస్‌లో ఇవన్నీ ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు జోనాథన్.

జవాబు చెప్పాల్సిన అవసరం తప్పిస్తూ ఫోన్ మోగింది. మెసేజ్: బెండకాయలు లేతవి వచ్చాయి.

దెబోరా టేప్ జేబులో వేసుకుంది. "స్టోర్‌కి వెళ్ళొస్తా."

"కరివేపాకు మర్చిపోకు," అంది అత్తగారు.

*

ఇండియన్ స్టోర్‌లో మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన ఒక్కో బెండకాయ తోక తుంచి చూస్తున్నాడు.

"ముదురువి ఉన్నాయేమోనండీ," అంది దెబోరా పక్కన నిలబడి.

"పులుసుకి పనికొస్తాయిలే."

కోడ్ సరిపోయింది. వీరభద్రరావు, గూఢచారి ఏజెన్సీలో పసిఫిక్ డెస్క్ చీఫ్. దెబోరా ఎవరో పూర్తిగా తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఇంట్లోవాళ్ళకి ఆమె ఫైళ్ళు తనిఖీ చేసే కన్సల్టెంట్.

"టార్గెట్, కరెంట్ గ్రిడ్ సాఫ్ట్‌వేర్," అన్నాడాయన కాయల వైపే చూస్తూ. "రాసింది లోకేష్ అనే ఇంజినీర్. అది చేతికొస్తే సగం దేశాన్ని చీకట్లో పెట్టొచ్చు. ఒక విదేశీ ముఠా దానికోసం తిరుగుతోంది. లోకేష్‌ని హంసిక ఇర్వింగ్‌లో మన సేఫ్ అపార్ట్‌మెంట్‌లో దాచింది."

"హంసిక?"

"ముఠాలో మన మనిషి. రేపు పొద్దున కెనడా బోర్డర్ దగ్గర గడ్డకట్టిన చెరువు మీద వాళ్ళకి నకిలీ సాఫ్ట్‌వేర్ ఉన్న డ్రైవ్ అందిస్తుంది. స్నోమొబైల్ మీద ఒంటరిగా రావాలని వాళ్ళ కండిషన్. మన టీమ్ మొత్తం చెరువు చుట్టూ ఉంటుంది. ఆమె బండి కొత్తది. సెట్ చేసి ట్రాకర్ పెట్టడం నీ పని. రేపు ఫ్యామిలీతో స్నో పార్క్‌కి వెళ్ళు. పులిహోర డబ్బాలతో వచ్చిన ఫ్యామిలీని ఎవరూ అనుమానించరు."

ఆయన తుంచిన కాయలన్నీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మంచి గూఢచారే కానీ మంచి కస్టమర్ కాదు.

ఆ మధ్యాహ్నం ఒక అద్దె గోడౌన్‌లో హంసిక ఎదురైంది. తెల్లటి స్కీ సూట్, ఎర్రటి లిప్‌స్టిక్, గ్రీజు వాసనని కూడా అణిచేసే సెంటు. బరువెంత అంటే తడుముకోకుండా చెప్పింది.

"వెనక ఎవరైనా ఎక్కుతారా? సామానేమైనా ఉందా?" అని అడిగింది దెబోరా.

"నేనొక్కదాన్నే అక్కా. డ్రైవ్ జేబులో పట్టుద్ది."

వెనక స్ప్రింగ్ కొస ఒక చిన్న ప్లాస్టిక్ దిమ్మ మీద ఆనుకుని ఉంటుంది. దాన్ని ఒక్కో వైపుకి తిప్పితే సాఫ్ట్, మీడియం, హార్డ్. దెబోరా సాఫ్ట్‌లో పెట్టింది. హంసిక చూడనప్పుడు సీటు ఫోమ్‌లో ట్రాకర్ దూర్చింది. హంసిక ఎక్కి కూర్చుంటే బండి సరిగ్గా దిగాల్సినంత దిగింది.

*

మర్నాడు స్నో పార్క్‌లో ట్రైలర్ల మీంచి బళ్ళు దించుతున్నారు. హంసిక 'ఆఫీస్ ఫ్రెండ్' గా అందరినీ పలకరించింది. బూటు లేస్ కట్టుకునే నెపంతో ఆమె బండి పక్కన వంగిన దెబోరా అలాగే ఉండిపోయింది.

దిమ్మ హార్డ్‌లో ఉంది.

రాత్రికి రాత్రి ఎవరో తిప్పారు. అంత సన్నటి మనిషి ఒక్కతే వెళ్ళేట్టయితే హార్డ్‌లో పెట్టిన బండి ప్రతి గుంతకీ ఎత్తి కుదేస్తుంది. స్నోమొబైల్ తెలిసినవాళ్ళు అలా పెట్టరు, వెనక ఇంకొక మనిషి ఎక్కితే తప్ప. డ్రైవ్‌కి బరువుండదు. మనిషికి ఉంటుంది.

దెబోరా స్కార్ఫ్‌కున్న బ్రూచ్ పిన్నులోని మైకు దగ్గరికి నోరు తెచ్చింది. "సర్, ఇర్వింగ్‌లో లోకేష్ ఉన్నాడా చూడండి. ఇప్పుడే."

కాసేపటికి చెవి రింగులోంచి వీరభద్రరావు గొంతు వినిపించింది. "అపార్ట్‌మెంట్ ఖాళీ. పక్కింటివాళ్ళు రెండ్రోజులుగా చూడలేదంట."

"అతన్ని ఇక్కడికే తెచ్చింది. దారిలో ఎక్కడో ఎక్కించుకుని బోర్డర్ దాటిస్తుంది. పట్టుకోనా?"

"వద్దు. అతనెక్కడున్నాడో తెలీదు. ఆమె టైమ్‌కి రాకపోతే ముఠా అతన్ని ఏం చేస్తుందో చెప్పలేం. ఆమె అతన్ని ఎక్కించుకోవాలి, బోర్డర్ మాత్రం దాటకూడదు."

దెబోరాకి గరాజ్‌లో తనన్న మాటే గుర్తొచ్చింది. దిమ్మని మళ్ళీ సాఫ్ట్‌లో పెడితే చాలు. ముందు స్కీలని మంచుకి అదిమి ఉంచే స్ట్రాప్ ఒక్క రంధ్రం వదులు చేస్తే ఇంకా ఖాయం. హంసిక చెప్పినట్టే ఒంటరిగా వెళ్తే ఏమీ కాదు. అబద్ధమైతేనే బండి మాట వినదు. మ్యాప్‌లో బోర్డర్ ముందు దారి తిరిగే చోట లోయ లేదు, లోతైన మెత్తటి మంచే. ప్రాణాలకి భయం లేదు.

కానీ హంసిక హెల్మెట్ పెట్టుకుంటూ బండి వైపే వస్తోంది.

"అమ్మాయ్, ఇట్రా," అని పిలిచింది జ్ఞానప్రసూన ఫ్లాస్కు మూత తీస్తూ. "టీ తాగకుండా వెళ్తావా? ఏ ఊరు మీది?"

హంసికకి ఆగక తప్పలేదు. "గుంటూరు ఆంటీ."

"గుంటూరంటే చిన్న ఊరా? ఎక్కడ?"

"బ్రాడీపేట."

"ఏ లైను?"

దెబోరా పానా తీసింది. చలికి దిమ్మ బిగుసుకుపోయింది. కదలలేదు.

"మెయిన్ రోడ్ పక్కనే ఆంటీ."

"అదే, ఏ లైను? ఎన్నో అడ్డరోడ్డు?"

"చిన్నప్పుడే వచ్చేశాం. గుర్తులేదు."

"ఇందాక మా ప్రిస్సిల్లాతో డిగ్రీ దాకా అక్కడే చదివానన్నావుగా? ఏ కాలేజీ? పెళ్ళయిందా? మా చర్చిలో డాక్టరబ్బాయొకడున్నాడు."

దిమ్మ టక్కుమని తిరిగింది. బండికి రెండో వైపున్న దిమ్మా తిరిగింది. స్ట్రాప్ ఒక రంధ్రం వదులు చేసి, వేళ్ళు కొంకర్లు పోతుండగా దాని బోల్టు బిగించి దెబోరా లేచేసరికి హంసిక కప్పు కింద పెట్టి వచ్చేసింది. సీటు మీద కూర్చుంది. ఒక్కసారి పైకీ కిందికీ ఊగింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. వెనక్కి వంగి చూడబోయింది.

"ఇదిగో, దారిలో తిను," అని జ్ఞానప్రసూన పులిహోర డబ్బా ఆమె చేతుల్లో కుక్కింది. "డాక్టరబ్బాయి ఫొటో చూపిస్తానుండు. ఫోన్ ఎక్కడ పెట్టానో."

హంసిక డబ్బా ఒళ్ళో వేసుకుని తప్పించుకున్నట్టు బండి ఉరికించింది.

"కొత్త బండి మీద ఒక రౌండ్ వేసొస్తానండీ," అంది దెబోరా భర్తతో.

"మొదటి రౌండ్ నాది కదా?" అన్నాడు జోనాథన్. ఆ మాట ఆమెకి వినపడలేదు.

*

రాత్రి నంబర్ అడగనని ఒప్పించి, జోనాథన్‌ని కూర్చోబెట్టి ఆయన బరువుకి సెట్ చేసిన ఆ బండి దెబోరాని ప్రతి గుంత దగ్గరా గాల్లోకి విసిరింది. హ్యాండిల్‌కి కట్టిన స్క్రీన్ మీద పచ్చ చుక్క ఒక చెక్క కేబిన్ దగ్గర ఆగింది. చెట్ల మధ్య నుంచి చూస్తే ల్యాప్‌టాప్ బ్యాగుతో ఒకతను బయటికొచ్చి, హుషారుగా హంసిక వెనక ఎక్కాడు. లోకేష్. ఎవరూ బలవంతపెట్టలేదు. ఎవరి చేతుల్లోకి వెళ్తున్నాడో అతనికి తెలిసినట్టు లేదు.

బండి చెరువు వైపు కాకుండా ఉత్తరానికి మళ్ళింది.

"టీమ్ చేరడానికి టైమ్ పట్టుద్ది," అన్నాడు వీరభద్రరావు చెవిలో. "నువ్వొక్కదానివే."

అడవి మధ్యలో చెట్లు కొట్టేసిన తిన్నటి గీత కనిపించింది. అదే బోర్డర్. అవతల రెండు నల్ల స్నోమొబైళ్ళు ఇంజన్లు ఆపకుండా కాచుకుని ఉన్నాయి. దారి అక్కడ ఎడమకి తిరుగుతుంది.

హంసిక హ్యాండిల్ తిప్పింది. ఇద్దరి బరువుకి వెనక భాగం కూలబడి, స్కీలు ముక్కు పైకెత్తి తేలాయి. బండి తిరగలేదు. ఆమె ఇంకా గట్టిగా తిప్పింది. బండి తిన్నగా వెళ్ళి మెత్తటి మంచులో సీటు దాకా దిగబడిపోయింది. పులిహోర డబ్బా ఒక్కటే ముందుకెగిరి బోర్డర్ దాటింది.

అవతలి నల్ల బళ్ళు కదిలాయి. హంసిక నడుంలోతు మంచులో లేచి లోకేష్ కాలర్ పట్టుకుని పిస్టల్ తీసింది. "నడువ్."

"హంసికా, ఏంటిది? జాబ్ అన్నావ్ కదా?"

దెబోరా బండి దిగి జేబులోంచి టేప్ తీసింది. హంసిక నవ్వింది. "కొలుస్తావా అక్కా?"

బటన్ నొక్కగానే స్టీలు పట్టీ పాములా సాగి హంసిక మణికట్టుకి తగిలింది. అందులోని కరెంటుకి ఆమె ఒళ్ళంతా ఒక్కసారి కుదిపినట్టయింది. పిస్టల్ మంచులో పడి మాయమైంది. చెట్ల మీంచి ఏజెన్సీ హెలికాప్టర్ చప్పుడు విని నల్ల బళ్ళు వెనక్కి తిరిగిపోయాయి.

"బండికి ఏం చేశావ్?" అంది హంసిక బేడీల చేతులతో.

"నీ ఒక్కదానికి సెట్ చేశా. నువ్వు చెప్పినట్టే."

లోకేష్ చలికి వణుకుతున్నాడు. "మేడం, నా హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ డినై అయిందని, వాంకూవర్‌లో జాబ్ రెడీగా ఉందని చెప్పింది."

"నీ ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది బాబూ, మా ఫైల్లో ఉంది. నీ మెయిల్స్ ఆమె ఆపింది."

అతను మంచులోనే కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

చెవి రింగు గరగరలాడింది. "దెబోరా, టీ దగ్గర మాట్లాడిన ఆ పెద్దావిడ ఎవరు?" అని అడిగాడు వీరభద్రరావు. "నీ బ్రూచ్‌లోంచి అంతా విన్నాను. రెండేళ్ళ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మేం అడగని ప్రశ్న ఆవిడ టీ పోస్తూ అడిగింది."

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాల దగ్గర ప్రార్థన అయింది. జోనాథన్ చికెన్ గిన్నె అందుకుంటుంటే దెబోరా నెమ్మదిగా చెప్పింది.

"వచ్చే నెల నుంచి అత్తయ్య నాతో ఆఫీస్‌కి వస్తారు. పార్ట్‌టైమ్."

జోనాథన్ గరిటె ఆగింది. ప్రిస్సిల్లా ఫోన్ కింద పెట్టింది.

"అమ్మా? కంప్లయన్స్‌లో అమ్మ ఏం చేస్తుంది?"

"జనాన్ని ప్రశ్నలడుగుతానురా. ఇన్నాళ్ళూ ఊరికే అడిగాను కదా," అంది జ్ఞానప్రసూన, అన్నంలో పప్పు కలుపుకుంటూ. "ఆ పిల్ల గుంటూరు కాదని నాకప్పుడే తెలుసు."

"బండి కూడా ఇద్దరికి సెట్ చేస్తున్నా," అంది దెబోరా. "వెనక సీటు అత్తయ్యది. మీరొక్కరే ఎక్కితే కాస్త కుదుపుతుంది."

"నా బరువు నిన్నే చెప్పాను కదమ్మాయ్. బూట్లతో కలిపి," అంది అత్తగారు.

జోనాథన్ చికెన్ వడ్డించుకున్నాడు. ఆ టేబుల్ దగ్గర అత్తాకోడళ్ళకి ఇంకా అంతుచిక్కని రహస్యం ఆయన బరువొక్కటే మిగిలింది.