మూడో వద్దు

తూముల కావలి దాలమ్మ కూర్చోగానే సభాగది తలుపు ఎప్పటిలాగే మూసుకుంది. ఇద్దరిదీ ఏకమాట కుదిరేదాకా ఇక తెరుచుకోదు. ఎదుటి గోడలో నెదర్లాండ్స్ నుంచి కడలిగోడ ఇంజనీరు ఆన్నెకె వెలిగింది. ఇద్దరి బల్లల మీదా భీమిలి కడలిగోడ వెలుగుబొమ్మ లేచింది. ఒకరి భాష ఒకరికి రాదు. మాటలు మోసేది సంధాత అనే యంత్రం. ఉత్త మాటలేనా, ఏ దేశం వాళ్ళ మర్యాద ఎలాంటిదో తూచి మరీ మోస్తుంది.

"ఈ పోటుకి మూడో తూము ఎత్తాలి. సమ్మతమేనా, దాలమ్మ గారూ?" సంధాత అడిగింది.

"వద్దు. తూము బందు పగిలింది. పొద్దున్న నా కళ్ళతో చూసొచ్చినాను. మూసుంటే ఆగుద్ది, ఎత్తితే ఊడిపోద్ది. పేటంతా ములిగిపోద్ది."

"మొదటి వద్దు నమోదైంది."

ఆన్నెకెకి ఏం చేరిందో గోడ అడుగున అక్షరాల్లో కనబడింది: దాలమ్మ గారు కొంచెం మొహమాటపడుతున్నారు.

సంధాత తప్పూ కాదు పాపం. తెలుగువాళ్ళ విందులు, పేరంటాలు ఎన్నో విని నేర్చుకుంది. అయ్యో వద్దండీ అంటారు, మళ్ళీ వద్దంటారు, మూడోసారి వద్దంటూనే గ్లాసు అందుకుంటారు. అలా పుట్టింది మొహమాట గుణకం. డచ్చివాళ్ళ వద్దు మొదటిసారే వద్దు. మనవాళ్ళ మూడో వద్దు సమ్మతి. నోరు మూసుకున్నా సమ్మతే.

"మొహమాటమేటి నీ మొహం! పేటలో మా అప్ప ఉంది, దాని పిల్లలున్నారు! వద్దంటే వద్దు!"

"రెండో వద్దు. స్వరంలో ఆప్యాయత గుర్తించాను."

అవతల ఆన్నెకె చిరునవ్వు నవ్వి, ఓపిగ్గా చేతులు కట్టుకుంది. దాలమ్మ లేచి తలుపు తోసింది. గోడను తోసినట్టే ఉంది. బొమ్మలో పోటునీరు పైకి పాకుతోంది.

"చివరిసారి అడుగుతున్నాను, దాలమ్మ గారూ."

ఆమె నోరు తెరవబోయి ఆగింది. నిరుడు ఆన్నెకె భీమిలి వచ్చినప్పుడు దాలమ్మ మేనకోడలి పెళ్ళిలో ఆమె పక్కనే బంతిలో కూర్చుంది. దాలమ్మ నేర్పిన ఒక్క ముక్క, వద్దు వద్దు అంటూనే ఉంది. పులిహోర పడుతూనే ఉంది. దిక్కుతోచక చూస్తే దాలమ్మ పడీపడీ నవ్వి, విస్తరి మీదకి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టి చూపించింది. ఆన్నెకె అలా పెట్టగానే వడ్డించేవాడు గరిటె వెనక్కి తీసుకున్నాడు.

దాలమ్మ బల్లమీదకి వంగింది. బొమ్మలోని మూడో తూము మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మాట వినబడలేదు. మౌనాన్ని..."

అవతల ఆన్నెకె చిరునవ్వు ఆరిపోయింది. గబుక్కున తన బొమ్మ మీదకి వంగి చేతులు అడ్డం పెట్టి, ముక్కలు ముక్కలుగా, తెలుగులోనే అరిచింది:

"వద్దు!"

డచ్చి నోట తెలుగు వద్దు. దానికి ఏ గుణకం వెయ్యాలో సంధాతకి తేలలేదు. గోడ అడుగున అక్షరాలు పుట్టి, చెరిగి, మళ్ళీ పుట్టి ఆగిపోయాయి.

తూము కదల్లేదు. తలుపూ తెరుచుకోలేదు. ఇద్దరూ చేతులు తియ్యలేదు.