టామ్ యమ్ ముందు ప్రార్థన

నంద్యాలలో, ఆళ్ళగడ్డ రోడ్డు మీదున్న థాయ్ హోటల్లో తిన్న పిల్లోళ్ళు మళ్ళీ ఊర్లో కనపడరంట అని పక్కింటి కమలాక్షమ్మ గోడ మీంచి చెప్పిందని, ఆ హోటల్లోనే గిన్నెలు కడిగే జీవమ్మ పోలీస్ స్టేషన్‌లో చెప్పింది. ఢిల్లీలో నిఘా విభాగం చీఫ్ ఆ మాటకొక పేరు పెట్టాడు: ఆపరేషన్ లెమన్ గ్రాస్.

“బ్యాంకాక్‌లో ఉద్యోగమంటారు. సరిహద్దు దాటించి, నిర్బంధించి, ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. పాస్‌పోర్టులు మోసే కొరియర్ కావాలి. వాడు దొరికేదాకా ఎవర్నీ ఆపొద్దు.” బ్రీఫింగ్ అంతే.

ఏజెంట్ స్టీఫెన్ మూడు వారాలుగా దొర్నిపాడు భూస్వామి కొడుకు పవన్‌గా, నుదుట కుంకుమతో, చొక్కా గుండీలో కెమెరాతో అక్కడ తింటున్నాడు. పోయిన గురువారం ఆరుగురు వ్యాన్ ఎక్కుతుంటే గుండీ ఫోటోలు తీసింది. అందులో ఒకడు కిరణ్, తల్లికి చెప్పకుండా బయల్దేరిన జీవమ్మ ఒక్కగానొక్క కొడుకు. ఆపమని ఆర్డర్ లేదు. స్టీఫెన్ నూడుల్స్ పూర్తి చేశాడు.

మళ్ళీ గురువారం. పగిడ్యాల చుట్టుపక్కల చర్చిల యువకులు పదకొండు మంది పొడవాటి టేబుల్ దగ్గర వీడ్కోలు భోజనానికి కూర్చున్నారు. మధ్యాహ్నం రెండుకు చెన్నై వ్యాన్.

మేనేజర్ జాహ్నవి వచ్చింది. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. ముఠాకు నమ్మకస్తురాలు, డిపార్ట్‌మెంట్‌కూ నమ్మకస్తురాలే. ఎవరికి ఎక్కువో ఆమెకే తెలియాలి.

“కారం ఎంత సార్?”

“ఊరగాయంత.” అదీ కోడ్.

“కొరియర్ ఆ పదకొండు మందిలోనే ఉండాడు. ఎవడో నాకూ తెలీదు. అనుమానమొస్తే ఫోన్‌లో ఒక్క నొక్కు. మనోళ్ళని దాచిన అడ్రసులన్నీ మాయం.”

1:52. టామ్ యమ్ సూప్ వచ్చింది.

“ఏందప్పా ఇది, చింతపండు చారులో రొయ్యలేసినారు!” అన్నాడు ప్రేమ్ సాగర్ అనే కుర్రాడు. అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే తలలు వంగాయి.

స్టీఫెన్ మెడ కూడా వంగబోయింది. ప్రార్థన లేకుండా వాళ్ళమ్మ ముద్ద ముట్టనిచ్చేది కాదు. నుదుటి కుంకుమ గుర్తొచ్చి బలవంతంగా కళ్ళు తెరిచే ఉంచాడు. అందుకే చూశాడు. పది మంది కళ్ళు మూసుకున్నారు. నతానియేలునని చెప్పుకుంటున్నవాడు మాత్రం అప్పటికే రెండో స్పూన్ జుర్రుతున్నాడు.

చూపులు కలిశాయి. వాడి బొటనవేలు ఫోన్ మీదికి పోయింది.

స్టీఫెన్ ఒక్క అంగలో వెళ్ళి వేడి సూప్ వాడి చేతి మీద కుమ్మరించాడు. ఫోన్ జారి జాహ్నవి కాళ్ళ దగ్గర పడింది. హైహీల్ దాని మీదికి లేచింది. ఒక క్షణం అక్కడే ఆగింది. తర్వాత ఫోన్‌ను స్టీఫెన్ వైపు తన్నింది.

వాడి బ్యాగులో పది పాస్‌పోర్టులూ దొరికాయి. వ్యాన్ డ్రైవర్‌ను పోలీసులు కిందికి దించారు. కుంకుమ తుడుచుకుంటూ స్టీఫెన్ వంటింటి గుమ్మం వైపు తిరిగాడు.

“పది మందిని కాపాడినాం పెద్దమ్మా. నీ మాటే దారి చూపింది. కిరణ్ యాడుండేదీ కనుక్కుంటాం.”

జీవమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“పోయిన బేస్తవారం వాడు వ్యాన్ ఎక్కేటప్పుడు నువ్వు ఈడనే తింటాండావ్. ఆ ప్లేటు కడిగింది నేనే గదప్పా.”