రెండో బిల్లు

సోమవారం ఉదయం ఏడు గంటలకు సాహితి సంచిలోని కాగితాలను మంచం మీద పరిచి మరోసారి చూసుకుంది. డిక్రీ నకలు, జప్తు చేసే కోర్టు అమీనుకు బత్తా కట్టిన రసీదు, బ్యాంకు నోటీసు. నోటీసును అన్నిటికీ అడుగున పెట్టింది.

వంటింట్లో ఆమె తల్లి కృష్ణవేణమ్మ ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. ఇంటి ముందున్న రేకుల షెడ్డులో తండ్రి ఓబుళేశు ఒక గేటు కమ్మీని ఆకురాయితో రుద్దుతున్నాడు. ఎర్రగుంట్ల దాటాక రోడ్డు పక్కనున్న ఆ షెడ్డులో ఆయన ఇరవై ఆరేళ్ళుగా వెల్డింగ్ పని చేస్తున్నాడు. షెడ్డు, వెనక రెండు గదులు కలిపి నాలుగు సెంట్లు. ఆ నాలుగు సెంట్లూ బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. గడువు ఈ నెల ముప్పై.

"నాయనా, చొక్కా మార్చుకో. అమీను పదింటికల్లా ఫ్యాక్టరీ కాడికి వస్తానన్యాడు."

"నువ్వు పోయి చూపిచ్చి రా పాపా. నాకు ఈ గేటు పనుండాది."

"డిక్రీ నీ పేరు మింద ఉండాది. జప్తు చేయాల్సింది ఇదీ అని నువ్వే వేలు పెట్టి చూపియ్యాల."

"ఇంకో తూరి పోదాంలే."

కృష్ణవేణమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది. "ఇంకో తూరి అంటే ఎప్పుడు? ముప్పై తర్వాత నడిరోడ్డు మింద కూర్చోని గేట్లు చేస్తావా? ఏడేండ్ల నుంచి ఆ పిల్ల కోర్టు చుట్టూ తిరిగింది. ఈ ఒక్క దినం నువ్వు పో."

ఓబుళేశు ఆకురాయి కింద పెట్టాడు. చొక్కా మార్చుకున్నాడు. ఉగ్గాని తినలేదు.

తొమ్మిదేళ్ళ క్రితం ఒక బండల ఫ్యాక్టరీకి ఆయన కటింగ్ మిషన్ చేసి ఇచ్చాడు. ఫ్యాక్టరీ పేరు శ్రీ భైరవి స్టోన్స్ ప్రైవేట్ లిమిటెడ్. యజమాని హర్షవర్ధన్. ధర ఏడు లక్షల డెబ్బై వేలు. ఇనుముకు, మోటార్లకు షెడ్డు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చాడు. కంపెనీ రెండు లక్షలు ఇచ్చింది. మిగతా దానికి ఇచ్చిన చెక్కు వాపసు వచ్చింది. ప్రొద్దుటూరు కోర్టులో దావా ఐదేళ్ళు నడిచింది. కంపెనీ తరఫున ఒక వకీలు వచ్చి వాయిదాలు అడిగేవాడు, అంతకుమించి వాదించలేదు. డిక్రీ వచ్చింది. వడ్డీ, ఖర్చులతో తొమ్మిది లక్షల నలభై ఏడు వేలు. ఆ తర్వాత అమలు పిటిషన్‌కు ఇంకో రెండేళ్ళు పట్టింది.

దావా వేసినప్పుడు సాహితికి పదహారేళ్ళు. ఇప్పుడు ఇరవై మూడు. ఇంటర్, డిగ్రీ, మందుల షాపులో ఉద్యోగం, అన్నీ వాయిదాల మధ్యనే జరిగాయి. తమ వకీలు దగ్గరి గుమాస్తా ఆమెను "జూనియర్ లాయరమ్మా" అని పిలుస్తాడు.

అమీను దేవేంద్రప్ప మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఫ్యాక్టరీలో మిషన్ నడుస్తోంది. బండ మీద నీళ్ళు పడుతున్నాయి. ఆఫీసు గదిలో ఒక ఇనుప టేబులు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను ఉన్నాయి. ఫ్యాక్టరీ గుమాస్తా ఫోన్ చేస్తే అరగంటకు హర్షవర్ధన్ వచ్చాడు. ఆయన కర్నూలులో ఉంటాడు. ఆ రోజు ఫ్యాక్టరీకి దగ్గర్లోనే ఉన్నాడు.

"ఏమన్నా ఓబుళేశన్నా, బాగుండావా? వస్తాండావని ఒక మాట చెప్పింటే భోజనం చెప్పిచ్చేవాణ్ణి కదా." అందరికీ మజ్జిగ తెప్పించాడు. దేవేంద్రప్ప తాగాడు. ఓబుళేశు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"యాడుండాది మీ వస్తువు, చూపిచ్చు," అన్నాడు దేవేంద్రప్ప.

ఓబుళేశు నేల వైపు చూశాడు. సాహితే మిషన్ దగ్గరికి నడిచింది. "ఇదే సార్. దీని అడుగు పలక కింద మా నాయన రాత ఉండాది. ఆయన చేసే ప్రతి మిషన్ కింద వెల్డింగ్ రాడ్‌తో నంబరు రాస్తాడు. ఇది ముప్పై ఒకటి. మా పుస్తకంలో కూడా ఉండాది."

మిషన్ ఆపించారు. దేవేంద్రప్ప ప్యాంటు మడిచి, బురదలో గొంతుక్కూర్చుని, సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. ముప్పై ఒకటి ఉంది. "ఉండాదిమ్మా," అన్నాడు. కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. సాహితి తండ్రి వైపు తిరిగి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"సార్, ఒక్క నిమిషం," అన్నాడు హర్షవర్ధన్. గుమాస్తా బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చాడు. అందులో ఒక బిల్లు ఉంది. "కంపెనీ బాకీ ఉంటే కంపెనీ వస్తువులు తీస్కపోండి, నేను అడ్డం రాను. ఈ మిషన్ మాత్రం కంపెనీది కాదు. నా భార్య ప్రసన్నకుమారిది. ఆమె కంపెనీకి బాడుగకు ఇచ్చింది. ఇదిగో, ఓబుళేశన్న ఇచ్చిన బిల్లే."

దేవేంద్రప్ప చదివాడు. కటింగ్ మిషన్ ఒకటి, నంబరు ముప్పై ఒకటి, శ్రీమతి ప్రసన్నకుమారి గారికి. కింద ఓబుళేశు సంతకం.

"ఈ సంతకం నీదేనా అప్పా?"

"నాదే," అన్నాడు ఓబుళేశు.

"కానీ సార్, చేసింది మా నాయన," అంది సాహితి.

"ఎవరు చేసినారో నాకు అక్కర్లేదమ్మా. ఎవరిదో కావాల." ఆయన తను రాసిన వరుసను కొట్టేశాడు. "ఈ కాగితం చూసినాక నేను దీన్ని ముట్టను. జరిగింది జరిగినట్టు కోర్టుకు రాస్తా. మిగతావి చెప్పండి."

సాహితి ఆ బిల్లును చేతిలోకి తీసుకుంది. మొత్తం ఏడు లక్షల డెబ్బై వేలు అని అంకెల్లో ఉంది. రెండు ఏడంకెలకూ నడుము మీద అడ్డగీత ఉంది. బిల్లు ఇచ్చేసింది. 

స్థలం బాడుగది, బండలు కోతకు ఇచ్చిన వేరేవాళ్ళవి అని గుమాస్తా చెప్పాడు. జాబితాలో ఇనుప టేబులు ఒకటి, ప్లాస్టిక్ కుర్చీలు మూడు, ఫ్యాను ఒకటి ఎక్కాయి. విలువ నాలుగు వేల రెండు వందలు. వేలం వేసేదాకా భద్రంగా పెడతామని ఓబుళేశు చేత సంతకం పెట్టించుకున్నారు. ఆటోకు ఆరు వందలు అయింది. ఫ్యాను విప్పడానికి హర్షవర్ధన్ తన మనిషినే పంపించాడు.

ఇంటి ముందు ఆటో ఆగగానే కృష్ణవేణమ్మ వచ్చి చూసింది. "మిషన్ వెనక వస్తాండాదా?"

"రాదు మా," అంది సాహితి. జరిగింది చెప్పింది.

కృష్ణవేణమ్మ భర్తను చూసింది. "ఆమె పేరుతో బిల్లు నువ్వెందుకు ఇచ్చినావు?"

"ఆడోళ్ళ పేరు మింద యూనిట్ పెడితే గవర్నమెంటు సబ్సిడీ వస్తాదన్యాడు. కంపెనీ పేరుతో ఒకటి, ఆమె పేరుతో ఒకటి, రెండు బిల్లులు రాసియ్యి, సబ్సిడీ పడంగానే మొదట నీకే అన్యాడు. ఒక కాగితమే కదా అనుకున్యా."

"వకీలుకు చెప్పినావా?"

ఓబుళేశు ఆటోలోంచి కుర్చీలు దించసాగాడు.

"ఏమయ్యా, నిన్నే అడుగుతాండేది. వకీలుకు చెప్పినావా, లేదా?"

"లేదు."

"అంటే ఏడేండ్లుగా నీకు తెలుసు. తెలిసే ఆ పిల్లను బస్సుల్లో తిప్పినావు. పొద్దున గేటు పనుండాదన్యావే, అది ఇందుకా?" ఆమె గొంతు పెంచలేదు. "నా బిడ్డ వకీలును తిట్టుకునింది, జడ్జీని తిట్టుకునింది. నువ్వు పక్కనే కూర్చోని అన్నం తిన్యావు."

"ఆ కాగితం వాళ్ళు యాడో పారేసింటారు అనుకున్యా. పొద్దున కూడా అదే అనుకుంటా పోయినా."

సాహితి వకీలుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆయన అంతా విన్నాడు. తర్వాత చెప్పాడు. "కేసు నడిచినన్నాళ్ళూ వాళ్ళు ఆ బిల్లు బయటికి తీయలేదు, చూసినావా అమ్మా. తీసింటే అప్పుడే ఆమె మీద కూడా దావా వేసేవాళ్ళం. ఇప్పుడు వేయాలంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. మీ నాయన నాకు మొదటి రోజు చెప్పింటే సరిపోయేది."

"ఆ బిల్లు ఉత్తుత్తి బిల్లని చెప్తే, సార్?"

"చెప్పొచ్చు. సబ్సిడీ కోసం దొంగ బిల్లు రాసిచ్చినానని మీ నాయన బోనులో నిలబడి చెప్పాల. అప్పుడు ఆయన మీద కేసు అయితాది. బిల్లు ఎవరి చేత్తో రాసినారో వాళ్ళనూ పిలుస్తారు. ఇంత చేసినా మిషన్ వస్తాదని నేను మాటియ్యలేను. ముప్పై లోపల అయితే అసలే కాదు."

"హర్షవర్ధన్ మీదకు పోలేమా సార్? ఆయన ఇల్లు, కారు..."

"డిక్రీ కంపెనీ మీద ఉండాదమ్మా. కంపెనీ వేరు, ఆయన వేరు. కంపెనీకి ఉండేవి మీ ఇంటికి తెచ్చుకున్యారు కదా."

ఫోన్ పెట్టేశాక ఓబుళేశు లేచాడు. "నేను చెప్తా. బోనులో నిలబడి చెప్తా. నన్ను జైల్లో పెట్టనీ."

"ఆ రాత ఎవరిదని అడుగుతారు నాయనా," అంది సాహితి.

"నాదే అంటా."

"నీకు ఏడంకెకు గీత పెట్టే అలవాటు లేదు."

కృష్ణవేణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సాహితి తొమ్మిదో తరగతి చదివేటప్పుడు తండ్రి బిల్లులన్నీ ఆమే రాసేది. లెక్కల టీచరు ఏడంకెకు గీత పెడితే ఒకటితో కలవదని చెప్పాడు. ఆ ఏడాది ఆమె అన్ని ఏడంకెలకూ గీత పెట్టింది. మానలేదు.

"ఆపొద్దు నాకు గుర్తుండాది," అంది సాహితి. "ఇప్పుడే కదా కంపెనీ పేరుతో రాసినాను, మళ్ళీ ఎందుకు అని అడిగినా. రాయి పాపా, పెద్దోళ్ళు అడిగినారు అన్యావు."

"అందుకే చెప్పలేదు," అన్నాడు ఓబుళేశు. "దావా వేసే ముందు వకీలు అడిగినాడు, వేరే కాగితాలేమైనా ఉండాయా అని. ఉండాది అంటే తెమ్మంటాడు. తెస్తే రాసిందెవరు అంటాడు. నువ్వు పదో తరగతి పాసై అప్పుడే కాలేజీలో చేరినావు. దొంగ బిల్లు రాసిందని నిన్ను కోర్టులో నిలబెడతారేమో అనుకున్యా. నాకు తెలీదు పాపా, ఆ వయసు పిల్లల్ని నిలబెట్టరని నాకు తెలీదు. ఎవరినన్నా అడగాలన్నా భయమే."

ఆయన కండువాతో ముఖం కప్పుకున్నాడు. కృష్ణవేణమ్మ వంటింట్లోకి వెళ్ళి పొద్దుటి ఉగ్గాని గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చల్లారిపోయింది. అట్లే తిను."

సాహితి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. ఏడేళ్ళుగా ఆమె ఈ కేసును తన తండ్రి కోసం మోస్తున్నానని అనుకుంది. ఆయన కూడా ఒకదాన్ని మోస్తున్నాడని ఆమెకు తెలియదు. ఆమెకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"బోనులో ఎవరమూ నిలబడొద్దులే నాయనా," అంది చాలాసేపటికి. "షెడ్డు ఎట్లాగూ పోతాది. నువ్వన్నా ఉండు."

ముప్పయ్యో తేదీ మంగళవారం వచ్చింది. రైల్వే గేటు అవతల నెలకు రెండు వేల ఐదు వందలకు ఒక గది చూసుకున్నారు. వెల్డింగ్ సెట్టు పక్క ఊరి మనిషి కొనుక్కుని తీసుకుపోయాడు. మంచం, గిన్నెలు, గ్యాసు స్టవ్ ట్రాక్టర్‌లోకి ఎక్కాయి. టేబులు, కుర్చీలు, ఫ్యాను కూడా ఎక్కించాల్సి వచ్చింది. అవి కోర్టువి, వదిలేసి పోవడానికి లేదు.

కృష్ణవేణమ్మ ఒక కుర్చీ దించి దాని మీద కూర్చుంది.

"మా, అది కోర్టుది. విరిగితే మనమే కట్టాల," అంది సాహితి.

"కట్టేదుంటే నన్ను కూడా జాబితాలో రాసుకోమను. పొద్దున నుంచి నిలబడి కాళ్ళు గుంజుతాండాయి."

సాహితి నవ్వింది. ఓబుళేశు కూడా కొంచెం నవ్వాడు.

పన్నెండింటికి మహానంది వచ్చాడు. గేటు చేయించుకున్న రైతు ఆయనే. బోరు షెడ్డుకు పెట్టే గేటు. పదిహేడు వందలు లెక్కపెట్టి ఇచ్చి, గేటును బండిలో వేసుకున్నాడు.

"బిల్లు తీస్కపో అప్పా," అన్నాడు ఓబుళేశు.

"గేటుకు బిల్లు ఎందుకు ఓబుళేశన్నా? నాకేం వద్దు."

"ఉండనీ. ఇదే కడాది. ఇంక ఈ షెడ్డులో బిల్లు రాసేది లేదు."

సాహితి సంచిలోంచి బిల్లు పుస్తకం తీసింది. కుర్చీ చేతి మీద పెట్టి తేదీ వేసింది. తర్వాత పెన్ను ఆపి తలెత్తింది.

"ఎవరి పేరు మింద రాయాల నాయనా?"

ఓబుళేశు షెడ్డు వైపు చూశాడు. ట్రాక్టర్ డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. బ్యాంకు మనిషి తాళం పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"దుడ్లు ఇచ్చినోళ్ళ పేరు మింద," అన్నాడు.

ఆమె మహానంది పేరు రాసింది. గేటు ఒకటి అని రాసింది. కింద పదిహేడు వందలు అంకెల్లో వేసి, ఏడుకు నడుము మీద గీత గీసి, సంతకం కోసం పుస్తకం తండ్రికి ఇచ్చింది.