పెనుగొలను మీద స్విచ్చి

ప్రేమకుమారి పదిరోజులు కూర్చుని గీసిన పటంలో పెనుగొలను ఊరు మాయమైంది. ఆ చోట నల్లటి స్విచ్చి ఒకటి బిగించి ఉంది.

ఆమె తిరువూరులో ఒక బళ్లో డ్రాయింగు టీచరు. డెబ్భై నాలుగులో సైన్సు ప్రదర్శన కోసం నాలుగడుగుల చెక్క మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ రంగుల్లో గీసింది. ఏ ఊరి స్విచ్చి నొక్కితే ఆ ఊరి దగ్గర బల్బు వెలగాలి. ఆ పని హెడ్మాస్టరు వీరరాఘవయ్యగారు రేడియోలు బాగుచేసే జోజప్పకు అప్పగించారు.

"ఎవర్నడిగి బెజ్జం పెట్టారు?" అంది ప్రేమకుమారి.

జోజప్ప తాపీగా బెజ్జాలు పెట్టే బరమా తుడుచుకున్నాడు. "చెక్కంతా మీరే నింపేస్తే స్విచ్చిలు గాల్లో పెట్టమంటారా అండి?"

ఆమెకు ఒళ్లు మండింది. ఎక్కడపడితే అక్కడ పొడవడానికి బొమ్మేమీ మట్టిగోడ కాదని దులిపేసింది. వెనక తీగలకు చోటెక్కడుందో చూపించమని అతనూ తగ్గలేదు. చివరికి ఇంకో చెక్క తెచ్చి, ఇద్దరూ కలిసి మళ్లీ మొదలుపెట్టక తప్పలేదు.

ఈసారి ముందుగా అతను స్విచ్చిలూ బల్బులూ అమర్చే చోట్లు చూపించాడు. ఆమె వాటి చుట్టూ గీసింది. స్విచ్చి చుట్టూ బండిచక్రం వచ్చింది. బల్బు ఇంటిముందు లాంతరైంది. ఆమె కోపం పోలేదు గానీ, బెజ్జం పెట్టేముందు ప్రతిసారీ అతను ఆగి తన కళ్లల్లోకి చూస్తున్నాడని మాత్రం గమనించింది.

ప్రదర్శన రోజు పటం ముందు జనం విరగబడ్డారు. వీరరాఘవయ్యగారు మైకులో, ఇది మన జోజప్ప చేసిన పటమని చెప్పి శాలువా తెప్పించారు. ప్రేమకుమారి పేరే ఎత్తలేదు. జోజప్ప శాలువా పుచ్చుకోకుండా, గీసిన టీచరుగారిని పిలవమన్నాడు.

"ఆవిడ రంగులేసింది, అంతేగా" అన్నారాయన.

ప్రేమకుమారి చరచరా వేదికెక్కి మైకు అందుకుంది.

"రంగులేయడం కాదండి. ఈ పటం గీసింది నేను. దీపాలు వెలిగించింది ఈయన. రెండు పేర్లూ చెప్పండి."

హెడ్మాస్టరు గొంతు సవరించుకుని రెండు పేర్లూ చెప్పారు.

కిందికి దిగాక ఆమె కోపం జోజప్ప మీదికి మళ్లింది. తనకూ నోరుందని, తన తరఫున వకాల్తా ఎవరు పుచ్చుకోమన్నారని నిలదీసింది. అతను తలొంచుకుని అంతా విన్నాడు.

తర్వాత మెల్లగా అడిగాడు. "ఆదివారం చర్చిలో పూజయ్యాక మా అమ్మని మీ ఇంటికి పంపనా అండి?"

అతన్ని కొరకొరా చూద్దామనుకుంది గానీ చూపు నిలవలేదు.

"పంపండి. మా అమ్మా ఆవిడా ఏం మాట్లాడుకున్నా సరే. నాకిష్టమన్న ముక్క మాత్రం నేనే చెప్తాను."